సన్నటి కీచు శబ్దాలు ఏ వయసుకి ఎక్కడిదాకా వినిపిస్తాయి? స్టాల్ పెట్టి సరిగ్గా పరీక్షించడం ఎలా?

భౌతికం_మాస్టారు

ఫిబ్రవరి 28 సైన్స్ డేకి మా కాలేజీలో ఒక స్టాల్ పెడుతున్నాం. వచ్చినవాళ్ళకి 8 నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా శబ్దాలు వినిపించి, ఎవరికి ఎక్కడితో ఆగిపోయిందో రాసుకుని, వయసుతో గ్రాఫ్ గీయించాలని ఆలోచన. పిల్లలతో పాటు వాళ్ళ అమ్మానాన్నలు, తాతయ్యలు, అమ్మమ్మలు కూడా వస్తారు. అంటే 15 నుంచి 75 ఏళ్ళ దాకా.

ఉన్న సామాను: రెండు ల్యాప్‌టాప్‌లు, చెవి మొత్తం మూసుకునే వైర్ హెడ్‌ఫోన్ ఒకటి, బ్లూటూత్ ఇయర్‌బడ్లు కావలసినన్ని. యూట్యూబ్‌లో "మీ చెవి వయసెంత" అని వీడియోలు కోకొల్లలు. అందులో ఒకటి పెట్టేస్తే సరిపోతుందా? వాల్యూమ్ ఎంత ఉండాలి? చివర్లో వచ్చే గ్రాఫ్‌ని నమ్మొచ్చా?

స్పెక్ట్రమ్_శీను

వీడియో వద్దు మాస్టారూ. ఆన్‌లైన్ వీడియోల్లో ఆడియోని కుదించి పంపుతారు. ఏఏసీ అయినా, 128 కేబీపీఎస్ ఎంపీ3 అయినా, సుమారు 16 కిలోహెర్ట్జ్ పైనున్నదాన్ని చాలావరకు కోసిపారేస్తాయి. 17 వినపడలేదని ఇరవై ఏళ్ళ కుర్రాడు బెంగపెట్టుకుంటాడు, అసలక్కడ శబ్దమే ఉండదు.

బ్లూటూత్ కూడా పక్కన పెట్టండి. మధ్యలో ఇంకో కుదింపు, ఇయర్‌బడ్‌లోపల దాని సొంత ఈక్వలైజర్, నాయిస్ క్యాన్సిలేషన్. పొరపాటున కాల్ మోడ్‌లోకి వెళ్ళిందంటే 8 కిలోహెర్ట్జ్ పైన ఏమీ రాదు, పాతరకం అయితే 4 దగ్గరే ఆగిపోతుంది. వైర్ హెడ్‌ఫోనే వాడండి.

శబ్దాలు మీరే తయారు చేసుకోండి. ఆడాసిటీ అని శబ్దాలు తయారుచేసే ప్రోగ్రాం ఉంది, ఉచితం:

1. ప్రాజెక్ట్ రేటు 48000 హెర్ట్జ్. విండోస్ సౌండ్ సెట్టింగుల్లోనూ అదే పెట్టండి, లేకపోతే మధ్యలో అది తనకి తోచినట్టు రేటు మారుస్తుంది.
2. జనరేట్ మెనూలో టోన్, సైన్ వేవ్, ఆంప్లిట్యూడ్ 0.1, నిడివి 2 సెకన్లు.
3. మొదటి 50 మిల్లీసెకన్లు ఫేడ్ ఇన్, చివరి 50 ఫేడ్ అవుట్. ఇది మానేయకండి.
4. వేవ్ ఫైలుగా, 24 బిట్‌లో దాచండి. ఎంపీ3 వద్దు.
5. ల్యాప్‌టాప్‌లో "ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్", డాల్బీ, బాస్ బూస్ట్, ఏ పేరుతో ఉన్నా అన్నీ ఆపేయండి.

చిట్టి_కీచురాయి

ఫేడ్ ఎందుకంత ముఖ్యం? టోన్ టోనే కదా.

స్పెక్ట్రమ్_శీను

సైన్ వేవ్‌ని ఒక్కసారిగా మొదలుపెడితే ఆ అంచు దగ్గర శక్తి అన్ని ఫ్రీక్వెన్సీలకీ చిమ్ముతుంది. చెవికి "టక్" మని వినిపిస్తుంది. 18 కిలోహెర్ట్జ్ టోన్‌కి డెబ్బై ఏళ్ళ పెద్దాయన ఠక్కున చెయ్యెత్తితే ఆయన విన్నది ఆ టక్కునే. స్టాళ్ళలో వచ్చే వింత ఫలితాల్లో ఎక్కువ భాగం ఇదే.

నాదబిందు

ఆడియాలజీ (వినికిడి శాస్త్రం) వైపు నుంచి చెప్తాను. మాస్టారి ప్రశ్నలోనే ఒక మెలిక ఉంది. "ఎక్కడిదాకా వినిపిస్తుంది" అన్నదానికి ఒక అంకె జవాబు కాదు, ఎంత గట్టిగా వినిపించారో పక్కన చెప్పాలి. చెవి ఫలానా కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు ఆగదు. పైకి వెళ్ళేకొద్దీ ఎక్కువ గట్టిగా ఉంటేనే వినిపిస్తుంది, అంతే.

ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల చెవికే తేడా చూడండి. చెవి చుట్టూ మూసే సెన్‌హైజర్ హెచ్‌డీఏ 200 అనే పరీక్ష హెడ్‌ఫోన్‌లో 1 కిలోహెర్ట్జ్ వినపడటానికి సుమారు 5.5 డెసిబెల్ ధ్వనిపీడనం చాలు. 8 కిలోహెర్ట్జ్‌కి 17.5, 14కి 35, 16కి 56 కావాలి. 8 నుంచి పైవి ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 389-5 లో, 1 కిలోహెర్ట్జ్‌ది 389-8 లో ఉన్న అంకెలు. 14 నుంచి 16కి వచ్చేసరికి ఒక్కసారిగా 21 డెసిబెల్ ఎక్కింది. అది వయసు వల్ల కాదు, మనిషి చెవి కట్టుబడే అంత. దీని తరవాత వయసు తన వంతు కలుపుతుంది.

కాబట్టి ఒకే వాల్యూమ్‌లో 8, 10, 12, 14, 16 వరసగా వాయించి "ఆయనకి 12 దాకా, ఈమెకి 15 దాకా" అని రాస్తే సగం మీ హెడ్‌ఫోన్ గురించి రాసినట్టే. ప్రతి ఫ్రీక్వెన్సీకీ నాలుగైదు మెట్ల గట్టిదనం ఉండాలి. ఏ మెట్టు దగ్గర పట్టుకున్నారన్నది రాయాలి. దాన్నే మేం థ్రెషోల్డ్ అంటాం.

క్లినిక్‌లో మామూలు ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గ్రాఫ్) 250 హెర్ట్జ్ నుంచి 8 కిలోహెర్ట్జ్ దాకానే. ఆ పైన 9, 10, 11.2, 12.5, 14, 16 కిలోహెర్ట్జ్‌లని విడిగా, వాటికి సరిపడే హెడ్‌ఫోన్‌తో చూస్తాం. చాలాచోట్ల కనిపించే టీడీహెచ్-39 రకం హెడ్‌ఫోన్ 8 పైన పనికిరాదు.

భౌతికం_మాస్టారు

అంటే మా హెడ్‌ఫోన్‌కి ఆ అంకెలు లేవు కదా మేడం. మరి ఎలా?

నాదబిందు

లేవు, తెచ్చుకోలేరు కూడా. అందుకే "మీకు ఇన్ని డెసిబెల్ లోపం" అని ఎవరికీ చెప్పకండి. మీ స్టాల్ చేయగలిగింది పోల్చడం. ఒకే హెడ్‌ఫోన్, ఒకే వాల్యూమ్, ఒకే పద్ధతి. ఇరవైల్లో ఉన్నవాళ్ళ మధ్యస్థం (అంకెలు వరసగా పేరిస్తే నడిమిది) సున్నా అనుకుని, మిగతావాళ్ళు అక్కడి నుంచి ఎన్ని మెట్లు పైకి వెళ్ళారో చూడటం. క్లినిక్‌లో సున్నా కూడా ఇలాగే పుట్టింది, ఆరోగ్యంగా ఉన్న యువతని కొలిచే.

రెండో హెడ్‌ఫోన్ తెచ్చి రెండు క్యూలు పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. మామూలు హెడ్‌ఫోన్లు 10 కిలోహెర్ట్జ్ పైన ఒక్కోటి ఒక్కో రకంగా, 10 డెసిబెల్ అటూ ఇటూ తేలిగ్గా ఉంటాయి. రెండు క్యూల అంకెలు కలిస్తే ఆ గ్రాఫ్ దేనికీ పనికిరాదు.

వైజాగ్_వైర్లు

మెట్లకి ఆంప్లిట్యూడ్ ఇవీ, ఫైలులో పట్టే గరిష్ఠాన్ని (1) సున్నా డెసిబెల్ అనుకుంటే: 0.1 అంటే -20 డెసిబెల్, 0.056 అంటే -25, 0.032 అంటే -30, 0.018 అంటే -35, 0.01 అంటే -40. ఇంకా కిందికి అదే లెక్క, ప్రతి 20 డెసిబెల్‌కి పదో వంతు. పైన ఒక మెట్టు -10 కావాలంటే 0.316.

వాల్యూమ్: 1 కిలోహెర్ట్జ్ టోన్‌ని -20 లో పెట్టి, ఎదురుగా కూర్చున్న మనిషి మాట్లాడేంత గట్టిదనం వచ్చేదాకా తిప్పండి. అది 60, 65 డెసిబెల్ ప్రాంతం. అక్కడ వాల్యూమ్ బటన్ మీద టేపు వేసేయండి. దీంతో -10 మెట్టు కూడా 75 దాటదు, ఎవరి చెవికీ ముప్పు లేదు.

అసలు ప్రమాదం ఎక్కడంటే, వినపడలేదు కదా అని పెంచుకుంటూ పోవడం. 17 కిలోహెర్ట్జ్ వినపడనంత మాత్రాన చెవిలోకి పీడనం వెళ్ళట్లేదని కాదు. ఫుల్ వాల్యూమ్‌లో ఉండగా ఎవడో తరవాతి ఫైలు 1 కిలోహెర్ట్జ్ నొక్కాడంటే పెద్దాయన హెడ్‌ఫోన్ విసిరికొడతాడు.

నాదబిందు

ఆ అమరికలో ఒక పరిమితి రాసిపెట్టుకోండి. 16 కిలోహెర్ట్జ్‌కి యువతకే 56 కావాలన్నాం, మీ పైమెట్టు 75. అంటే యువత కంటే ఓ 20 డెసిబెల్ దిగినవాళ్ళకి అక్కడ ఏమీ వినపడదు. దాన్ని "వినపడలేదు" అని రాయాలి, "చెవుడు" అని కాదు. నలభై దాటిన చాలామంది ఆ గడిలోనే పడతారు, అది మామూలే. పెద్దవాళ్ళ దగ్గర సమాచారం దొరికేది 8, 10, 12 లోనే. 20 కిలోహెర్ట్జ్ ఫైలు అసలు చేయకండి.

కర్ణభేరి_77

20 కిలోహెర్ట్జ్ లేకపోతే పిల్లలు ఒప్పుకోరండీ 😀 పుస్తకంలో "20 నుంచి 20,000 హెర్ట్జ్" అనే కదా ఉంది.

భౌతికం_మాస్టారు

నిజమే, వాళ్ళు అడిగేది అదే. 18 దాకా పెట్టి ఆపుతాను.

స్పెక్ట్రమ్_శీను

పెట్టేముందు ఇంకో పరీక్ష, మనుషుల మీద కాదు, యంత్రం మీద. 44.1 కిలోహెర్ట్జ్ రేటులో పైటోన్లు పాడైతే దొంగ శబ్దాలు కిందికి దిగి వినిపిస్తాయి. 19 కిలోహెర్ట్జ్ టోన్‌లో వంకర వల్ల రెండో హార్మోనిక్, అంటే రెట్టింపు ఫ్రీక్వెన్సీ, 38 పుట్టిందనుకోండి. ఆ రేటుకి 22.05 పైన చోటు లేదు కాబట్టి అది మడత పడి 44.1 లోంచి 38 పోగా 6.1 కిలోహెర్ట్జ్ అయి కూర్చుంటుంది. 6.1 అరవై ఏళ్ళవాళ్ళకి కూడా వినపడొచ్చు. "మా నాన్నకి 19 వినిపించింది" అనే పోస్టుల వెనక తరచూ ఉండేది ఇదే.

కనిపెట్టడం తేలిక. ఆడాసిటీలో చిర్ప్ అని ఉంటుంది. 14 నుంచి 20 దాకా నెమ్మదిగా పది సెకన్లలో పైకి ఎక్కించండి. అసలు శబ్దం అయితే పిచ్ పైకి పోతూ సన్నబడి మాయమవుతుంది. దొంగ శబ్దం అయితే పిచ్ కిందికి దిగుతూ వినిపిస్తుంది, 44.1 రేటులో అయితే ఇలా: 15 దగ్గర 14.1, 17 దగ్గర 10.1, 19 దగ్గర 6.1. ఎక్కాల్సినది దిగుతుంటే ఎక్కడో ఎన్‌హాన్స్‌మెంట్ ఆన్‌లో ఉంది, లేదా సిగ్నల్ నెత్తి తెగుతోంది. ఆంప్లిట్యూడ్ తగ్గించి మళ్ళీ చూడండి.

ఫోన్‌లో స్పెక్ట్రమ్ యాప్ వేసి మైకుని హెడ్‌ఫోన్ కప్పు దగ్గర పెడితే ఒకే గీత కనిపించాలి. పక్కన ఇంకో గీత ఉంటే ఆ ఫైలు పక్కన పెట్టండి. అన్నట్టు ఫోన్ మైకు ఎత్తుని నమ్మకండి, గీత ఉందా లేదా అన్నంతవరకే.

చిట్టి_కీచురాయి

అసలు పై శబ్దాలే ముందు ఎందుకు పోతాయి? పెద్దాళ్ళకి బాస్ బాగానే వినిపిస్తుంది కదా.

ఈఎన్‌టీ_పీజీ

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా విప్పితే సుమారు 35 మిల్లీమీటర్లు. దాని మొదట్లో, మధ్యచెవి వైపు, ఎత్తు ఫ్రీక్వెన్సీలు. చివర కొనకి తగ్గు ఫ్రీక్వెన్సీలు. శబ్దం ఆ పొర మీద అలలా సాగుతుందని చూపినందుకే బెకెషీకి 1961లో నోబెల్ వచ్చింది. ఒక్కో చెవిలో శబ్దాన్ని పట్టే వెంట్రుకల్లాంటి మొనలున్న కణాలు, అంటే కేశకణాలు, లోపలి వరసలో 3,500 దాకా, బయటి వరసలవి 12,000 దాకా. మనిషిలో ఇవి పోతే మళ్ళీ మొలవవు.

మొదట్లో ఉన్న బయటి కేశకణాలు సున్నితమైనవి. వాటిలో రక్షణనిచ్చే గ్లూటాథయోన్ కొనవైపు కణాల కంటే తక్కువని జంతువుల మీద ప్రయోగాల్లో తేలింది. వయసు, మోత, కొన్ని మందులు, మూడూ మొదట దెబ్బతీసేది అక్కడే. దాంతో పాటు కాక్లియాకి విద్యుత్తు అందించే స్ట్రయా అనే కణజాలం కూడా వయసుతో పలచబడుతుంది. శబ్దాలన్నీ గుమ్మంలోంచే వెళ్తాయి కాబట్టి గుమ్మం ముందు అరుగుతుంది అని క్లాసుల్లో చెప్తుంటారు. వినడానికి బాగుంటుంది కానీ దాంతో అంతా తేలదు.

మందుల సంగతి స్టాల్‌కి అక్కర్లేదు గానీ ఇక్కడ చదివేవాళ్ళకి కావాలి. సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు, అమినోగ్లైకోసైడ్ రకం యాంటీబయాటిక్‌లైన అమికాసిన్, కనామైసిన్, జెంటామైసిన్ లాంటివి మొదలుపెట్టేటప్పుడు 8 కిలోహెర్ట్జ్ పైన కూడా పరీక్ష చేయించడానికి కారణం ఇదే. నష్టం పైన మొదలై మాటల పరిధిలోకి దిగుతుంది, దిగకముందే పట్టుకోవాలి. మొదటి కొలత సిస్‌ప్లాటిన్‌కి ముందే, లేదా ఇచ్చిన 24 గంటల్లోపు. అమినోగ్లైకోసైడ్‌లకి 72 గంటల్లోపు. తరవాతి కొలతల్లో ఒక ఫ్రీక్వెన్సీలో 20 డెసిబెల్ గానీ, పక్కపక్క రెండిట్లో 10 గానీ దిగితే, లేదా ఇంతకుముందు పలికిన వరస మూడిట్లో స్పందనే లేకపోతే మార్పు వచ్చినట్టు లెక్క. డాక్టర్ మందు మార్చాలా, మోతాదు తగ్గించాలా అని ఆలోచిస్తారు. రోగి తనంతట తాను ఆపేయకూడదు.

కర్ణభేరి_77

పాత పిక్చర్ ట్యూబ్ టీవీలు గుర్తున్నాయా? ఆన్ చేస్తే సన్నటి ఈల. మన దగ్గర పాల్ పద్ధతి, 625 గీతలు, సెకనుకి 25 ఫ్రేములు, గుణిస్తే 15,625 హెర్ట్జ్. పిల్లలకి పక్కగదిలోంచి టీవీ ఆన్‌లో ఉందని తెలిసిపోయేది, పెద్దలకి తెలిసేది కాదు. ప్రతి ఇంట్లో ఉచితంగా ఆడియోమీటర్.

దీన్నే వ్యాపారం చేశారు. 2005లో వేల్స్‌లో హోవర్డ్ స్టేపుల్టన్ "మస్కిటో" అని ఒక పెట్టె తెచ్చాడు. దుకాణాల ముందు గుంపులుగా చేరే కుర్రాళ్ళని చెదరగొట్టడానికి 17.4 కిలోహెర్ట్జ్ మోత. పిల్లలు ఊరుకుంటారా, అదే శబ్దాన్ని టీచర్లకి వినపడని రింగ్‌టోన్ చేసుకున్నారు. 2006లో ఇగ్ నోబెల్ (నవ్వించి ఆలోచింపజేసే పనులకిచ్చే సరదా బహుమతి) శాంతి బహుమతి కూడా వచ్చింది దానికి.

నాదబిందు

ఆ పెట్టె వల్లే "25 ఏళ్ళు దాటితే 17 వినపడదు" అన్నమాట లోకంలో పాతుకుపోయింది. తగినంత గట్టిగా ఉంటే ముప్ఫైల్లో ఉన్నవాళ్ళలో కొందరికి వినిపిస్తుంది, ఇరవైల్లో కొందరికి వినపడదు. స్టాల్‌లో ఎవరికీ "మీ చెవి వయసు 52" అని చీటీ ఇవ్వకండి.

లెక్కల_లక్ష్మి

వయసుతో ఎంత దిగుతుందో అంకెల్లో కావాలంటే ఐఎస్ఓ 7029 ఉంది. 2000 నాటి ప్రతిలో సూత్రం పిల్లలు కూడా వేసుకోగలిగినంత సులువు: వయసులోంచి 18 తీసి, దాని వర్గాన్ని ఒక గుణకంతో గుణించాలి. 18 ఏళ్ళవారి మధ్యస్థం కంటే ఎన్ని డెసిబెల్ దిగిందో వస్తుంది.

గుణకాలు: 1 కిలోహెర్ట్జ్‌కి ఇద్దరికీ 0.004. 4కి మగవాళ్ళకి 0.016, ఆడవాళ్ళకి 0.009. 8కి 0.022, 0.015.

60 ఏళ్ళకి: 42 వర్గం 1764. మగవాళ్ళకి 1 దగ్గర 7, 4 దగ్గర 28, 8 దగ్గర 39 డెసిబెల్. ఆడవాళ్ళకి 7, 16, 26.
70 ఏళ్ళకి: 52 వర్గం 2704. మగవాళ్ళకి 11, 43, 59. ఆడవాళ్ళకి 11, 24, 41.

ఇవి మధ్యస్థాలు, చెవిజబ్బు, మోత చరిత్ర లేనివాళ్ళవి. 2017లో కొత్త ప్రతి వచ్చింది, అందులో సూత్రం మారింది. కాబట్టి రిపోర్టులో ఏ ప్రతో రాయండి. వంపు ఆకారం చూపడానికి పాతది చాలు. వర్గం ఉంది గనక 40 ఏళ్ళకి 8 కిలోహెర్ట్జ్ దగ్గర మగవాళ్ళకి పదకొండే, ఆ తరవాతే జోరు.

ఇక మీ గ్రాఫ్. సగటు తీయకండి. "వినపడలేదు" గడిలో పడ్డవాళ్ళకి అంకె లేదు, వాళ్ళని వదిలేసి సగటు తీస్తే పెద్దవాళ్ళ వినికిడి ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపిస్తుంది. ప్రతి మనిషికీ ఒక చుక్క, వినపడనివాళ్ళకి పైమెట్టు దగ్గర బాణం గుర్తు. వయసు గుంపుకి మధ్యస్థం. గుంపులో సగం కంటే ఎక్కువమంది బాణాలైతే మధ్యస్థం కూడా "పైమెట్టు దాటింది" అనే రాయాలి.

భౌతికం_మాస్టారు

ఇది నేను పట్టించుకోని విషయం లక్ష్మి గారూ, పిల్లలకి ఇదే పెద్ద పాఠం. ఇప్పుడు మనిషిని కూర్చోబెట్టాక ఏం చేయాలో వరసగా ఎవరైనా చెప్పగలరా?

నాదబిందు

చెప్తాను. తొందరపడితే చెడేది ఇక్కడే.

కూర్చోబెట్టే ముందు: కళ్ళజోడు, జూకాలు, పెద్ద కమ్మలు, వినికిడి యంత్రం తీయించండి. జడ, పూలు కప్పు కింద పడకుండా వెనక్కి వేయించండి. కప్పు అంచు ఎత్తుకుంటే లీకు. జలుబుతో చెవి దిబ్బడగా ఉందా, చెవి కారుతోందా అడగండి. ఉంటే ఆ కొలత గ్రాఫ్‌లో వద్దు. చెవి కారేవాళ్ళకి హెడ్‌ఫోన్ పెట్టకండి. కప్పుల్ని ప్రతిసారీ స్పిరిట్ తుడుపుతో తుడవండి.

కప్పు మధ్యభాగం చెవిరంధ్రానికి ఎదురుగా ఉండాలి. 16 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 2 సెంటీమీటర్ల పైచిలుకు, చెవినాళం కూడా దాదాపు అంతే. కప్పు కొంచెం జరిగితే నాళంలో శబ్దం గట్టిగా ఉండే చోటు మారిపోతుంది, అంకె 10 డెసిబెల్ మారొచ్చు. కదిలించవద్దని, చేత్తో నొక్కవద్దని ముందే చెప్పండి. ముసలివాళ్ళలో ఇంకో చిక్కుంది. చెవిమీద ఆనే చిన్న కప్పులు వాడితే మెత్తబడ్డ నాళం నొక్కుకుని మూసుకుపోతుంది, పై శబ్దాలు లేని లోపం చూపిస్తాయి. చుట్టూ మూసే పెద్ద కప్పుతో ఆ బెడద తక్కువ.

సూచన ఒక్క వాక్యం: "ఎంత సన్నగా వినిపించినా, వినిపించిందనుకున్న ప్రతిసారీ వేలు ఎత్తండి, ఆగగానే దించండి." తెర వాళ్ళకి కనపడకూడదు. ఆపరేటర్ చెయ్యి కీబోర్డు మీద కదలడం కూడా కనపడకూడదు. "వినపడిందా?" అని అడగొద్దు.

ముందు 1 కిలోహెర్ట్జ్ గట్టిగా ఒకసారి, పని అర్థమైందో లేదో తెలియడానికి. తరవాత 8, 10, 12, 14, 16. ప్రతి ఫ్రీక్వెన్సీలో:

వినిపించే మెట్టు దగ్గర మొదలుపెట్టండి. వేలెత్తితే 10 డెసిబెల్ కిందికి. మళ్ళీ ఎత్తితే ఇంకో 10. ఎత్తకపోతే 5 పైకి. ఇలా కిందికి పది, పైకి ఐదు. పైకి ఎక్కేటప్పుడు మూడుసార్లలో రెండుసార్లు ఏ మెట్టు దగ్గర వేలెత్తారో అది థ్రెషోల్డ్. టోన్ ఒకటి రెండు సెకన్లు. మధ్య విరామం ఒకసారి రెండు సెకన్లు, ఇంకోసారి ఐదు, లయ పట్టకుండా.

చివర్లో మొదటి ఫ్రీక్వెన్సీ 8ని మళ్ళీ చూడండి. 5 డెసిబెల్ కంటే ఎక్కువ తేడా వస్తే ఆ మనిషి కొలత తిరిగి తీయాలి.

ఈఎన్‌టీ_పీజీ

ఒకటి కలపండి మేడం, ఖాళీ టోన్లు. ప్రతి పదింటికి రెండు మూడుసార్లు ఏమీ వాయించకుండా ఆగాలి. ఖాళీలో కూడా వేలెత్తేవాళ్ళు ఉంటారు. పిల్లలు పందెం అనుకుని ఎత్తేస్తారు. పెద్దవాళ్ళది ఇంకో రకం, గట్టిగా నిశ్చయమైతేనే ఎత్తుతారు, వాళ్ళ థ్రెషోల్డ్ అసలు కంటే చెడ్డగా వస్తుంది. ఖాళీల్లో మూడోవంతు దాటి ఎత్తితే ఆపి సూచన మళ్ళీ చెప్పాలి.

చెవిలో హోరు ఉన్నవాళ్ళకి నిలకడ టోన్ హోరులో కలిసిపోతుంది. వాళ్ళ కోసం 200 మిల్లీసెకన్లు మోత, 200 నిశ్శబ్దం, ఇలా తునకలుగా చేసిన ఫైళ్ళు విడిగా పెట్టుకోండి. ప్రతి తునకకీ ఫేడ్ ఉండాలి.

వైజాగ్_వైర్లు

గది గురించి ఎవరూ అనలేదు. క్లినిక్‌లో 250, 500 హెర్ట్జ్ కోసం సౌండ్‌ప్రూఫ్ బూత్ తప్పదు. ఫ్యాను, ఏసీ, ట్రాఫిక్ మోత ఎక్కువగా కింది ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది కాబట్టి 8 పైన పరీక్షకి మూసిన తరగతి గది, మూసిన హెడ్‌ఫోన్ చాలు. ల్యాప్‌టాప్ ఫ్యాను మాత్రం దూరం పెట్టండి. కొన్ని ఎల్‌ఈడీ డ్రైవర్లు, ఛార్జర్లు కీచుమంటాయి, పెద్దవాళ్ళకి వినపడవు కానీ పదిహేనేళ్ళ పిల్లకి అదే మీ టోన్ అనిపిస్తుంది. ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి, హెడ్‌ఫోన్‌లో వచ్చే గర్రుమనే శబ్దం కూడా పోతుంది.

చిట్టి_కీచురాయి

12 కిలోహెర్ట్జ్ వినపడకపోతే జీవితంలో నష్టం ఏమిటి? మాట్లాడుకునేది అక్కడ కాదుగా.

నాదబిందు

12 పోతే రోజువారీగా పెద్ద నష్టం కనపడదు. కానీ అది కిందికి దిగుతుంది. 4, 6 కిలోహెర్ట్జ్‌లకి వచ్చేసరికి మాటలు పట్టుబడవు. తెలుగులో అచ్చుల బలం కింద ఉంటుంది, స, శ, చ, త, క లాంటి హల్లుల ఆనవాళ్ళు పైన. అందుకే "వినపడుతోంది కానీ అర్థం కావట్లేదు" అంటారు. పాక, పాత, పాట ఒకేలా ఉంటాయి. సేవ, చేవ తేడా తెలియదు. ఫ్యాను తిరుగుతుంటే, నలుగురు మాట్లాడుతుంటే మరీను. ఇంట్లోవాళ్ళు అరుస్తారు, అరిస్తే పెరిగేది అచ్చులే. ఎదురుగా వచ్చి, మొహం కనపడేలా, నెమ్మదిగా మాట్లాడితే ఎక్కువ ఉపయోగం.

వినికిడి యంత్రం పోయిన 12 కిలోహెర్ట్జ్‌ని తెచ్చిపెట్టదు. అది పనిచేసేది ముఖ్యంగా మాటల పరిధిలో. అందుకే యంత్రం అవసరమా అన్నది మీ స్టాల్ చూసి కాదు, 500 నుంచి 4000 దాకా ఆడియోగ్రామ్ చూసి తేల్చాలి. డబ్ల్యూహెచ్ఓ లెక్కలో మెరుగైన చెవికి 500, 1000, 2000, 4000 సగటు 20 డెసిబెల్ లోపుంటే మామూలు, 20 నుంచి 35 లోపు స్వల్పం, 35 నుంచి 50 లోపు ఒక మోస్తరు లోపం.

కర్ణభేరి_77

స్టీలు ఫ్యాక్టరీలో, మరమగ్గాల దగ్గర పనిచేసినవాళ్ళు వస్తే?

ఈఎన్‌టీ_పీజీ

వాళ్ళది వేరే రంగు చుక్క. మోత దెబ్బ 3 నుంచి 6 కిలోహెర్ట్జ్ మధ్య, ఎక్కువగా 4 దగ్గర, గుంతలా పడుతుంది. 8 దగ్గర కాస్త తేరుకుంటుంది. వయసుది గుంత కాదు, పైకి పోయేకొద్దీ జారుడే. ఏళ్ళు గడిస్తే రెండూ కలిసి గుంత చెరిగిపోతుంది. వీలైతే 4, 6 కూడా కొలిచి, "మోత చోట పని, ఎన్నేళ్ళు" అని ఒక ప్రశ్న ఫారంలో పెట్టండి. టపాసులు, డీజే, తుపాకీ కూడా.

భౌతికం_మాస్టారు

చివరి సందేహం. పరీక్షలో ఒకరికి కుడిచెవి బాగా, ఎడమచెవి చాలా తక్కువగా వస్తే ఏం చెప్పాలి? భయపెట్టకూడదు, వదిలేయకూడదు.

వైజాగ్_వైర్లు

ముందు హెడ్‌ఫోన్ తిప్పి పెట్టండి, ఎడమ కప్పు కుడిచెవికి. లోపం కప్పుతో పాటు అటు వెళ్ళిందంటే తప్పు వైరుది, పిన్నుది. రోజూ తెరిచే ముందు ఎవరో ఒక కుర్రాడి మీద ఇది చూసేయండి.

ఈఎన్‌టీ_పీజీ

లోపం చెవితోనే ఉండిపోతే, ఎప్పటి నుంచి అని అడగండి. నిన్నో మొన్నో, రెండు మూడు రోజుల్లో ఒక్కసారిగా తగ్గిందంటే "తరవాత చూపించుకుంటాను" అనే మాట వద్దు, అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పంపండి. అకస్మాత్తుగా వచ్చే నరాల చెవుడుకి స్టెరాయిడ్ ఎంత తొందరగా పడితే అంత మంచిది, రెండు వారాలు దాటితే ఫలితం బాగా తగ్గుతుంది. గులిమి అనుకుని నూనె చుక్కలు వేసుకుంటూ కూర్చునేది ఈ రోజుల్లోనే.

చాలాకాలంగా ఒకవైపే తక్కువైతే తొందర లేదు కానీ చూపించుకోవాలి. గులిమి, కర్ణభేరి చిల్లు, మధ్యచెవిలో నీరు చూస్తారు. ఏదీ లేకుండా ఒకవైపే నరాల లోపం ఉంటే వినికిడి నరం మీద గడ్డ లేదని తేల్చడానికి ఎంఆర్‌ఐ రాయొచ్చు.

హైదరాబాద్ వైపు వాళ్ళకి కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. ఆంధ్రలో విశాఖ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి. ప్రైవేటుగా వెళ్తే పరీక్ష చేసేవారికి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందా, ఆడియోమీటర్‌కి ఏడాదిలోపు క్యాలిబ్రేషన్ జరిగిందా అని అడగొచ్చు, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

నాదబిందు

చీటీ మీద ఇంతే అచ్చు వేయించండి మాస్టారూ: పేరు వద్దు, వయసు, ఏ ఫ్రీక్వెన్సీకి ఏ మెట్టు, కింద "ఇది ప్రదర్శన, వైద్య పరీక్ష కాదు. మాటలు అర్థం కావడం కష్టంగా ఉన్నా, రెండు చెవులకీ తేడా ఉన్నా, చెవిలో హోరు ఉన్నా ఈఎన్‌టీ డాక్టర్‌ని కలవండి." ఫాంటు పెద్దది పెట్టండి, చదివేది డెబ్బై ఏళ్ళవాళ్ళు.